అరిజోనా జడ్జి రిచర్డ్ స్లోన్: గనుల ఊరి ప్లీడరు గవర్నరు ఎలా అయ్యాడు, ఫెడరల్ జడ్జిగా ఎందుకు నిలవలేకపోయాడు

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. అమెరికా పశ్చిమ ప్రాంతంలో ఊరూరా తిరిగి కేసులు వాదించుకునే ఒక మామూలు ప్లీడరు గవర్నరై, ఆపైన ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వపు, జడ్జి కూడా ఎలా కాగలిగాడన్నది మొదటిది. గవర్నరు గిరీ చేసిన మనిషిని న్యాయపీఠం మీద కూర్చోబెడితే కోర్టుల స్వతంత్రత ఏమవుతుంది, మన దేశంలో ఇలా కుదురుతుందా అన్నది రెండోది. నేను చాలాకాలం సివిల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేసి, ఇప్పుడు లా కాలేజీలో న్యాయచరిత్ర చెబుతున్నాను. ఈ పాఠం వచ్చినప్పుడల్లా నేను తీసుకునే మనిషి అరిజోనాకు చెందిన రిచర్డ్ ఇలైహ్యూ స్లోన్. ఆయన ఉద్యోగ జీవితాన్ని వరసగా చూస్తే మీ రెండు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది.

ముందు ఒక్క విషయం తేల్చుకోవాలి. అమెరికాలో అప్పట్లో రెండు రకాల గవర్నర్లు ఉండేవారు. రాష్ట్ర గవర్నరును ప్రజలు ఎన్నుకుంటారు. అధికారంలో ఆయన మన ముఖ్యమంత్రికి దగ్గర. ఇంకా రాష్ట్రం కాని ప్రాంతాన్ని టెరిటరీ అనేవారు. దాని గవర్నరును దేశాధ్యక్షుడు నియమించి పంపేవాడు. స్థానికంగా ఎన్నికైన శాసనసభ ఉన్నా దాని బిల్లులను గవర్నరు తోసిపుచ్చవచ్చు, వాషింగ్టన్‌లోని కాంగ్రెస్ (మన పార్లమెంటు లాంటిది) కూడా ఆ చట్టాలను రద్దు చేయవచ్చు. ఢిల్లీ లెఫ్టినెంట్ గవర్నరును తలచుకుంటే ఈ పదవి స్వభావం మనకు సులువుగా అర్థమవుతుంది. స్లోన్ ఈ రెండో రకం గవర్నరు. ఆయన ఎప్పుడూ ఓటర్ల దగ్గర గవర్నరు పదవి అడగలేదు.

జడ్జీల సంగతీ అంతే. 1863 ఫిబ్రవరిలో లింకన్ సంతకంతో అరిజోనా టెరిటరీ ఏర్పడినప్పుడు దానికి ముగ్గురు జడ్జీలను ఇచ్చారు. ఒక్కొక్కరికి ఒక జిల్లా. అక్కడ ఒంటరిగా కూర్చుని విచారణ జరిపేవారు. అప్పీళ్లు వచ్చేసరికి ఆ ముగ్గురే కలిసి కూర్చుని టెరిటరీ సుప్రీంకోర్టు అయ్యేవారు. కింద తీర్పు ఇచ్చిన జడ్జే పైన అప్పీలు వినే బెంచిలోనూ ఉండేవాడన్నమాట. తర్వాత జడ్జీల సంఖ్య పెరిగి ఐదుకు చేరింది. ఒకే జడ్జి పొద్దున టెరిటరీ చట్టం కింద పశువుల దొంగతనం కేసు విని, మధ్యాహ్నం ఫెడరల్ చట్టం కింద తపాలా దోపిడీ కేసు వినేవాడు. కాబట్టి స్లోన్ 1912లో మొదటిసారి ఫెడరల్ జడ్జి అయ్యాడని రాసేవాళ్లు సగమే చెబుతున్నారు. ఫెడరల్ కేసులు ఆయన 1889 నుంచే వింటున్నాడు. తేడా అంతా పదవీకాలంలో ఉంది. టెరిటరీ జడ్జిది నాలుగేళ్ల ఉద్యోగం, అదీ అధ్యక్షుడికి ఇష్టమున్నంత కాలం. రాజ్యాంగం మూడో అధికరణం కింద వచ్చే ఫెడరల్ జడ్జి మాత్రం సత్ప్రవర్తనతో ఉన్నంత కాలం, అంటే ఆచరణలో జీవితాంతం, పదవిలో ఉంటాడు. టెరిటరీ కోర్టులు ఈ మూడో అధికరణం కిందికి రావని 1828లోనే ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తేల్చేశాడు. స్లోన్ జీవితంలో ప్రతి మలుపూ ఈ తేడా దగ్గరే వచ్చింది.

ఆయన 1857లో ఒహాయో రాష్ట్రంలో పుట్టాడు. మన్మత్ కాలేజీలో చదివాడు, కొంతకాలం కొలరాడో గనుల వైపు వెళ్లి వచ్చాడు, సిన్సినాటి లా స్కూలులో 1884లో పట్టా తీసుకుని అదే ఏడాది అరిజోనా చేరాడు. పినాల్ కౌంటీ (మన జిల్లా లాంటిది) కేంద్రమైన ఫ్లారెన్స్‌లో ప్రాక్టీసు పెట్టాడు. ఫ్లారెన్స్‌కు రైలు లేదు. కాసా గ్రాండే స్టేషన్‌లో దిగి గుర్రపు బండిలో ఎడారి దాటి వెళ్లాలి. ఊళ్లో వాడుకలో ఉన్నది మట్టి ఇటుకల ఇళ్లు, పక్కన హీలా నది కాలువలు, ఈశాన్యాన సిల్వర్ కింగ్ వెండి గని.

అలాంటి చోట ప్లీడరుకు పని ఏముంటుందని కాలేజీలో పిల్లలు అడుగుతారు. సినిమాలు చూసి తుపాకీ కేసులనుకుంటారు. అవి ఉండేవి కూడా. 1888లో ఫ్లారెన్స్‌లోని టన్నెల్ సెలూన్ అనే మద్యం దుకాణంలో పీట్ గాబ్రియేల్, జో ఫై అనే ఇద్దరు పాత పోలీసు అధికారులు ఎదురెదురుగా కాల్చుకున్నారు, ఫై చనిపోయాడు. కానీ ప్లీడరు పొట్ట నిండేది గనులు, నీళ్లు, భూమి పట్టాల కేసులతో. 1872 నాటి గనుల చట్టం ప్రకారం ఖనిజం దొరికిన చోట 1,500 అడుగుల పొడవు, 600 అడుగుల వెడల్పుకు మించకుండా హద్దు రాళ్లు పాతుకుని, ఏటా 100 డాలర్ల విలువైన పని చేయించి హక్కు నిలుపుకోవాలి. ఆ రాయి ముందు ఎవరు పాతారు, ఆ ఏడాది పని నిజంగా జరిగిందా అన్నదే కేసు. నీటి విషయంలో ముందు కాలువ తవ్వి పంటకు పెట్టినవాడిదే ముందు హక్కు. అందుకే సాక్షులంతా పాత కాలువల తేదీల గురించి ప్రమాణం చేసేవారు. దీనికితోడు జేమ్స్ రీవిస్ అనే మోసగాడు పాత స్పానిష్ దానపత్రాలు సృష్టించి, ఫ్లారెన్స్, ఫీనిక్స్‌తో సహా లక్షల ఎకరాలు తనవేనని 1883లో దావా వేశాడు. ఆ దొంగ పత్రాల గుట్టు కోర్టులో పూర్తిగా బయటపడటానికి 1895 దాకా పట్టింది. అన్నాళ్లూ అక్కడి రైతుల పట్టాల మీద నీడ పడే ఉంది. ఇలాంటి కేసుల్లో ఆరితేరినవాడికి ఆ ప్రాంతం మట్టి, నీరు, మనుషులు అన్నీ తెలిసిపోతాయి. దూరం నుంచి రాజకీయ సిఫారసుతో వచ్చి దిగిన జడ్జీలకు లేనిదీ, స్లోన్‌కు ఉన్నదీ అదే. ఆయన కౌంటీ అటార్నీగా పనిచేశాడు, టెరిటరీ శాసనసభ పై సభకు ఎన్నికయ్యాడు. 1889లో రిపబ్లికన్ అధ్యక్షుడు హారిసన్ జడ్జిని చేశాడు. అప్పటికి ఆయన వయసు 32.

ఆ నియామకం జరిగిన తీరు దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే అసలు విషయమంతా అక్కడే ఉంది.

1889 మే 11న సైన్యంలో జీతాలు పంచే అధికారి మేజర్ జోసెఫ్ వామ్ ఫోర్ట్ గ్రాంట్ నుంచి ఫోర్ట్ థామస్‌కు బయలుదేరాడు. బండిలో 28,345 డాలర్ల 10 సెంట్ల బంగారు, వెండి నాణేలు. కాపలాకు నల్లజాతి దళాలైన 24వ పదాతి దళం, 10వ అశ్విక దళం నుంచి 11 మంది సైనికులు. ఇరుకైన లోయలో దారికి అడ్డంగా పెద్ద బండరాయి కనిపించింది. దాన్ని తొలగించడానికి కొందరు ముందుకు వెళ్లగానే పైనున్న రాళ్ల మాటు నుంచి తూటాలు కురిశాయి. ఎనిమిది మంది సైనికులు గాయపడ్డారు. సార్జెంట్ బెంజమిన్ బ్రౌన్ కడుపులో తూటా దిగినా కాల్పులు ఆపలేదు. కార్పొరల్ ఐజాయా మేస్ రెండు కాళ్లకూ గాయాలై, నడవగలిగినంత నడిచి, తర్వాత పాక్కుంటూ రెండు మైళ్ల దూరంలోని పశువుల కొట్టానికి చేరి కబురు చెప్పాడు. దోపిడీదారులు పెట్టె పగలగొట్టి డబ్బంతా పట్టుకుపోయారు. ఆ సొమ్ము తర్వాత ఎప్పుడూ దొరకలేదు.

పట్టుబడినవారిలో ఎక్కువమంది చుట్టుపక్కల మోర్మన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన రైతు కుటుంబాలవారు. వారిలో గిల్బర్ట్ వెబ్ పీమా ఊరికి మేయరు. కేసు ఫెడరల్ ప్రభుత్వ సొమ్ముకు సంబంధించింది కాబట్టి టూసాన్‌లోని మొదటి జిల్లా కోర్టుకు వెళ్లింది. అక్కడి జడ్జి విలియం బార్న్స్, అంతకుముందున్న డెమొక్రాట్ అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ నియమించినవాడు. ముద్దాయిల పట్ల ఆయన మొగ్గు చూపుతున్నాడని గ్రాండ్ జ్యూరీ (అభియోగం మోపాలా వద్దా తేల్చే పౌరుల బృందం) సభ్యులు వాషింగ్టన్‌కు ఫిర్యాదు పంపారు. అది తెలిసి ఆయన ఆ గ్రాండ్ జ్యూరీనే తిట్టి ఇంటికి పంపేశాడు. అధ్యక్షుడు హారిసన్ బార్న్స్‌ను తీసేశాడు. ఆ కుర్చీలోకి వచ్చినవాడే స్లోన్.

దీన్ని కాస్త నెమ్మదిగా ఆలోచించండి. కేసు నడుస్తోంది. ఒక పక్షం ప్రభుత్వమే. ఆ ప్రభుత్వాధినేత జడ్జిని తప్పించి, తన పార్టీకి చెందిన వేరొకరిని కూర్చోబెట్టాడు. బార్న్స్ ప్రవర్తన తప్పే అనుకుందాం, నేనైతే తప్పే అంటాను. అయినా ఈ మార్పిడి ఏ న్యాయవాదికైనా గుండెలో ముల్లులా గుచ్చుకోవాలి. ఇది చట్టవిరుద్ధం కూడా కాదు. రెండేళ్ల తర్వాత, 1891లో, అలాస్కాకు చెందిన మెక్‌అలిస్టర్ అనే జడ్జి కేసులో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఇలాంటి జడ్జీలను పక్కన పెట్టే అధికారం అధ్యక్షుడికి ఉందని సమర్థించింది.

ముద్దాయిల తరఫున మార్కస్ ఆరీలియస్ స్మిత్, బెన్ గుడ్రిచ్ వాదించారు. స్మిత్ అప్పటికే అరిజోనా తరఫున కాంగ్రెస్‌లో కూర్చున్న డెమొక్రాట్ ప్రతినిధి. ఓటు హక్కు లేని ప్రతినిధి అనుకోండి, టెరిటరీలకు అంతే ఉండేది. గొప్ప వక్త. నవంబరు, డిసెంబరు నెలల్లో సాగిన విచారణ చివర జ్యూరీ, అంటే సాక్ష్యం విని నేరం తేల్చే పౌరుల బృందం, ముద్దాయిలందరినీ నిర్దోషులని వదిలేసింది. నల్లజాతి సైనికుల సాక్ష్యానికి తెల్లవాళ్ల జ్యూరీ ఇవ్వవలసిన విలువ ఇవ్వలేదు, ఫెడరల్ ప్రభుత్వమంటే స్థానికులకున్న కంటగింపూ తోడైంది. ఈ తీర్పు ఆ సైనికులకు జరిగిన అన్యాయమని నా గట్టి అభిప్రాయం. మరుసటి ఏడాది బ్రౌన్‌కూ, మేస్‌కూ దేశపు అత్యున్నత సైనిక పతకం ఇచ్చారు. మేస్ 1925లో ఫీనిక్స్‌లోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో చనిపోతే పేరు కూడా లేకుండా నంబరు వేసిన రాయి కింద పూడ్చారు. 2009లో గానీ ఆయన అస్థికలు ఆర్లింగ్టన్ సైనిక శ్మశానానికి చేరలేదు.

జడ్జిగా స్లోన్‌ను ఇక్కడ ఎలా తూచాలి? ప్రభుత్వానికి శిక్ష కావాలి, ఆయనను కూర్చోబెట్టింది ఆ ప్రభుత్వమే. కానీ నేరం రుజువైందా లేదా తేల్చేది జ్యూరీ. జ్యూరీ వదిలేసింది, జడ్జి ఆ మాటను రికార్డు చేశాడు, ముద్దాయిలు ఇంటికి వెళ్లారు. అంత బలహీనమైన పునాది మీద కూర్చున్న కోర్టు కూడా విచారణను విచారణలాగే నడిపింది. న్యాయం జరగలేదన్న బాధ నాకుంది, కానీ విచారణ తీరుకు ఆయనను తప్పుపట్టలేను.

1893లో క్లీవ్‌లాండ్ మళ్లీ అధ్యక్షుడయ్యాడు. స్లోన్ కుర్చీ మళ్లీ డెమొక్రాట్ చేతికి పోయింది. ఆయన ప్రెస్కాట్ వెళ్లి ప్రాక్టీసు చేసుకున్నాడు. 1897లో రిపబ్లికన్ మెకిన్లీ వచ్చాక మళ్లీ జడ్జి అయ్యాడు, ఈసారి 1909 దాకా కొనసాగాడు. వాషింగ్టన్‌లో పార్టీ మారిన ప్రతిసారీ అరిజోనాలో జడ్జీలు మారడం అక్కడి జనానికి అలవాటైపోయింది. వాళ్ల మనసులో పేరుకున్న అసహనం ఎంతటిదో తర్వాతి కథలో చూస్తారు.

1909 మే నెలలో అధ్యక్షుడు టాఫ్ట్ స్లోన్‌ను గవర్నరుగా నియమించాడు. ఈ టాఫ్ట్‌దీ ఒహాయోనే, ఆయనా సిన్సినాటి లా స్కూలులోనే చదివాడు, ఫెడరల్ అప్పీళ్ల జడ్జిగా చేశాడు, ఫిలిప్పీన్స్ దీవులకు గవర్నరుగా వెళ్లాడు. అధ్యక్ష పదవి దిగాక 1921లో ప్రధాన న్యాయమూర్తి కూడా అయ్యాడు. న్యాయపీఠానికీ పరిపాలనకూ మధ్య గోడ ఆ తరానికి ఎంత పలచగా ఉండేదో ఈ ఒక్క మనిషిని చూస్తే తెలుస్తుంది.

గవర్నరుగా స్లోన్ ముందున్న పెద్ద పని అరిజోనాను రాష్ట్రంగా చేయించడం. 1906లో న్యూ మెక్సికోతో కలిపి ఒకే రాష్ట్రం చేస్తామంటే అరిజోనా ఓటర్లు కుదరదన్నారు: వ్యతిరేకంగా 16,265 ఓట్లు, అనుకూలంగా 3,141 ఓట్లు. చివరకు 1910 జూన్ 20న విడి రాష్ట్రానికి దారి తెరిచే చట్టం వచ్చింది. ఆ శరత్కాలంలో ఫీనిక్స్‌లో రాజ్యాంగ సభ కూర్చుంది. 52 మందిలో 41 మంది డెమొక్రాట్లు, ఆ సభకు అధ్యక్షుడు జార్జ్ హంట్. వాళ్లు రాసిన రాజ్యాంగంలో జడ్జీలతో సహా ఎన్నికైన ఏ అధికారినైనా మధ్యలోనే ఓటర్లు వెనక్కి పిలవవచ్చన్న నిబంధన ఉంది. టాఫ్ట్‌కు ఇది ససేమిరా నచ్చలేదు. 1911 ఆగస్టు 15న, జడ్జీల స్వతంత్రతను ఇది నాశనం చేస్తుందంటూ రాష్ట్ర హోదా తీర్మానాన్ని వీటో చేశాడు. వారంలోపే ఆ నిబంధన తీసేస్తే సరేనన్న కొత్త తీర్మానం వచ్చింది. అరిజోనా ఓటర్లు డిసెంబరులో దాన్ని తీసేశారు, 1912 ఫిబ్రవరి 14న రాష్ట్రం ఏర్పడింది, అదే ఏడాది నవంబరులో అదే ఓటర్లు ఆ నిబంధనను తిరిగి రాజ్యాంగంలో పెట్టుకున్నారు. రాష్ట్రమయ్యాక టాఫ్ట్ చేయగలిగింది ఏమీ లేదు.

చాలామంది దీన్ని చదువుకున్న జడ్జీకీ చదువురాని జనానికీ మధ్య గొడవగా చెబుతారు. అది అన్యాయమైన మాట. ఓటర్ల చేతిలో ఉండకూడదని టాఫ్ట్ అన్న పగ్గం అప్పటిదాకా అధ్యక్షుడి చేతిలోనే ఉంది. బార్న్స్‌ను తీసేసిందీ, స్లోన్‌ను 1893లో ఇంటికి పంపిందీ ఆ పగ్గమే. యాభై ఏళ్లు వాషింగ్టన్ ఇష్టప్రకారం మారిన జడ్జీలను చూసినవాళ్లు, ఆ అధికారం ఇకపై తమ చేతికి రావాలనుకోవడంలో వింతేమీ లేదు. సూత్రం మాట వస్తే నేను టాఫ్ట్ పక్షమే. జనం కోపానికి భయపడే జడ్జి కంటే ప్రమాదం ఇంకొకటి లేదు. కానీ ఆ సూత్రం అరిజోనా వాళ్లకు చెప్పే హక్కు అప్పటి వాషింగ్టన్‌కు అంతగా లేదు.

ఇక మీరు అడిగిన చివరి పదవి. రాష్ట్రం ఏర్పడగానే అరిజోనాకు సొంత ఫెడరల్ జిల్లా కోర్టు వచ్చింది. కొత్త గవర్నరు హంట్ బాధ్యతలు తీసుకున్నాడు. టాఫ్ట్ స్లోన్‌ను ఆ కోర్టుకు జడ్జిగా ఎంచుకున్నాడు. ఇన్నేళ్లకు ఆయనకు జీవితాంతపు కుర్చీ అందేలా కనిపించింది. కానీ దానికి కాంగ్రెస్ పై సభ అయిన సెనేట్ ఆమోదం కావాలి. అది 1912, ఎన్నికల ఏడాది. డెమొక్రాట్లు గెలుస్తామన్న ధీమాతో టాఫ్ట్ పంపిన పేర్లను కదలనివ్వడం లేదు. పైగా ఒక రాష్ట్రపు జడ్జి పేరు వచ్చినప్పుడు ఆ రాష్ట్ర సెనేటర్ల మాటకు విలువ ఇవ్వడం ఆనవాయితీ. అరిజోనా కొత్త సెనేటర్లు ఇద్దరూ డెమొక్రాట్లు. ఒకరు హెన్రీ యాషర్స్ట్. రెండోవారు మార్కస్ ఆరీలియస్ స్మిత్, టూసాన్ కోర్టులో స్లోన్ ఎదుట దోపిడీ ముద్దాయిల తరఫున నిలబడి వాదించిన ఆ ప్లీడరే. సెనేట్ ఆమోదం రాలేదు. సభ సమావేశాలు లేని సమయంలో అధ్యక్షుడు చేసే తాత్కాలిక నియామకంతో స్లోన్ 1913 మార్చి వరకు పనిచేసి దిగిపోయాడు. కొత్త అధ్యక్షుడు విల్సన్ ఆ స్థానంలో విలియం సాటెల్‌ను నియమించాడు.

అందుకే ఆయన ఫెడరల్ జడ్జి అయ్యాడని ఒక్క వాక్యంలో రాసేస్తే తప్పుదోవ పట్టించినట్టే. ఆయనకు ఆ పదవి అప్పుగానే దక్కింది.

తర్వాత ఫీనిక్స్‌లో ప్రాక్టీసుకు తిరిగి వెళ్లాడు. తెలుగువాళ్లకు ఆసక్తి కలిగించే ఘట్టం ఒకటి అక్కడుంది. 1922లో ఏడు రాష్ట్రాలు కొలరాడో నది నీళ్లు పంచుకోవడానికి హెర్బర్ట్ హూవర్ అధ్యక్షతన కూర్చున్నప్పుడు అరిజోనా ప్రతినిధికి న్యాయ సలహాదారు స్లోన్. శాంటా ఫేలో నవంబరు 24న కుదిరిన ఒప్పందం నదిని ఎగువ, దిగువ పరీవాహకాలుగా విడదీసి, ఒక్కోదానికి ఏటా 75 లక్షల ఎకరా అడుగులు (ఎకరా నేల మీద అడుగు ఎత్తున నిలిచే నీరు ఒక ఎకరా అడుగు) కేటాయించింది. మన లెక్కలో సుమారు 327 టీఎంసీలు. రెండు నెలలకే మళ్లీ గవర్నరైన హంట్ ఆ ఒప్పందానికి అడ్డం తిరిగాడు, అరిజోనా 1944 దాకా దాన్ని ఆమోదించలేదు. స్లోన్ 1932లో తన జ్ఞాపకాల పుస్తకం ప్రచురించి, 1933 డిసెంబరులో కన్నుమూశాడు. ఆ పుస్తకం పేరులో తనను జడ్జి అనే చెప్పుకున్నాడు, గవర్నరు అనలేదు.

ఇలాంటివారు ఆయన ఒక్కడే కాదు. హవాయిలో శాన్‌ఫర్డ్ డోల్ 1900లో మొదటి టెరిటరీ గవర్నరై, 1903లో అక్కడే ఫెడరల్ జిల్లా జడ్జి అయ్యాడు. జేమ్స్ డోటీ దీనికి తలకిందులు, ముందు మిషిగన్ టెరిటరీలో జడ్జి, తర్వాత విస్కాన్సిన్‌కూ, ఇంకా తర్వాత యూటాకూ గవర్నరు. జనాభా తక్కువ, చట్టం చదివినవాళ్లు మరీ తక్కువ. ఉన్నవాళ్లే అన్ని కుర్చీల్లోనూ కనిపిస్తారు.

మన దేశం సంగతి. జడ్జి పదవి నుంచి రాజ్‌భవన్‌కు వెళ్లిన ఉదాహరణలు మనకు కొత్త కాదు. సుప్రీంకోర్టు నుంచి ఫజల్ అలీ 1952లో ఒడిశాకు, ఫాతిమా బీవీ 1997లో తమిళనాడుకు, మాజీ ప్రధాన న్యాయమూర్తి సదాశివం 2014లో కేరళకు గవర్నర్లుగా వెళ్లారు. ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా 2023 ఫిబ్రవరిలో నియమితులైన అబ్దుల్ నజీర్ అంతకు నెల ముందే సుప్రీంకోర్టు నుంచి పదవీ విరమణ చేశారు. స్లోన్ లాగా పాలన నుంచి పీఠానికి వచ్చినవారిలో దగ్గరి పోలిక వీఆర్ కృష్ణయ్యర్. 1957లో కేరళలో ఏర్పడిన కమ్యూనిస్టు మంత్రివర్గంలో మంత్రి, 1968లో హైకోర్టు జడ్జి, 1973లో సుప్రీంకోర్టు జడ్జి. మంత్రిగా చేశాడని ఆయన తీర్పులు ప్రభుత్వానికి వంగలేదు. పీఠమెక్కాక పాత యజమాని ఆయనను దించలేడు, అందుకే ఆ ధైర్యం నిలబడింది. పదవి దిగాక ఏదో దక్కుతుందన్న ఆశ దీనికి తిరగబడ్డ రూపం. మీరు విడిగా ఆలోచించవలసింది దాని గురించే. పదవీ విరమణకూ కొత్త నియామకానికీ మధ్య చట్టబద్ధమైన విరామం ఉండాలని నేను చాలాకాలంగా అంటున్నాను.

మీరు అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటున్నానని రాశారు కాబట్టి ఇంకొక మాట. ఓటు హక్కు వచ్చాక నవంబరు బ్యాలెట్‌లో జడ్జీల పేర్లు కనిపిస్తాయి, పక్కనే కొనసాగించాలా వద్దా అన్న ప్రశ్న ఉంటుంది. 1974లో వచ్చిన పద్ధతి ప్రకారం అరిజోనా సుప్రీంకోర్టుకూ, మారికోపా లాంటి పెద్ద కౌంటీల కోర్టులకూ ఒక కమిషన్ ఇచ్చిన జాబితా నుంచి గవర్నరు జడ్జీలను నియమిస్తాడు, తర్వాత ఓటర్లు వారిని కొనసాగిస్తారు లేదా ఇంటికి పంపుతారు. ఈ ఓటింగును చాలావరకు ఎత్తివేద్దామన్న 137వ ప్రతిపాదనను 2024లో ఓటర్లు తిరస్కరించారు. వెనక్కి పిలిచే నిబంధన కూడా రాజ్యాంగంలో అలాగే ఉంది. చాలామంది ఆ పేజీని ఖాళీగా వదిలేస్తారు. మీరు వదలకండి. ప్రతి జడ్జి పనితీరు మీద రాష్ట్ర సమీక్ష సంఘం ఎన్నికల ముందు నివేదిక ఇస్తుంది, దాన్ని చదివి ఓటు వేయండి.